ఇది రాయకు గానీ…

“ఇల్లు రాసిచ్చేసిన. బీరువా తాళం మాత్రం ఇయ్యలే. బీరువాల ఏం లేదనుకో.”

పటాన్‌చెరు నుంచి కోఠీ పోయే బస్సులో, మూసాపేట దాటాక, ఒక పెద్దావిడ పక్క సీటామెతో అన్న మాటలివి. ఇద్దరికీ పరిచయం లేదు. ఎందుకంటే ఆ పక్కనామె ఎర్రగడ్డలో దిగిపోతూ “మీదేవూరమ్మా?” అని అప్పుడడిగింది, జవాబు వినకుండానే దిగిపోయింది. నేను ఆడవాళ్ల సీట్లు ఎక్కడ అయిపోతాయో అక్కడ రాడ్డు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఇంకో చేత్తో ఫోన్ తీసి ఆ మూడు వాక్యాలూ అలాగే కొట్టి పెట్టుకున్నాను. పంజాగుట్ట వచ్చేదాకా వాటినే చదువుకుంటూ ఉన్నాను.

మొదటి వాక్యంలో కొత్తేమీ లేదు. ఏ రిజిస్ట్రారాఫీసు ముందు గంటసేపు నిలబడినా అలాంటివాళ్లు పదిమంది కనపడతారు. రెండో వాక్యంలో కాస్త పంతం ఉంది. మూడోదాంట్లో కథ ఉంది. బీరువాలో బంగారం ఉండుంటే అది టీవీ సీరియల్ అయ్యేది, కొడుకూ కోడలూ ఆ తాళం కోసం రెండొందల ఎపిసోడ్లు వెతుక్కునేవాళ్లు. ఏమీ లేని బీరువాకి తాళం దాచుకోవడం వేరే సంగతి. ఇంట్లో ఇంకా తన అనుమతి లేకుండా తెరవలేనిది ఒకటుండాలి, అంతే.

పైగా ఆ “అనుకో” చూడండి. “ఏం లేదు” అనలేదావిడ. “ఏం లేదనుకో” అంది. మన మాటల్లో ఈ “అనుకో” ఊతపదంలా వచ్చి పోతుంటుంది, ఎవరమూ పట్టించుకోం. “లేదులే, ఒప్పుకుంటున్నా” అని ఒక అర్థం. “లేదనే అనుకో, నీకెందుకు” అని ఇంకో అర్థం. ఆ రెండింట్లో ఆవిడ ఏది అందో నాకిప్పటికీ తెలీదు. ఇంగ్లిష్‌లో రాయాల్సొస్తే ఏదో ఒకటి తేల్చుకోవాలి. తెలుగులో తేల్చక్కర్లేదు. దాన్ని కోస్తా తెలుగులోకి దించి, “బీరువాలో ఏమీ లేదనుకోండి” అని రాసి చూశాను. చచ్చిపోయింది. ఆ “ల” దగ్గరే, ఆ పొట్టి “ఇయ్యలే” దగ్గరే ఉంది ఆవిడ మొత్తం. నేను గుంటూరు జిల్లావాణ్ణి. నా నోటికి రాని మాటని నా నోటికి తగ్గట్టు సరిచేసే హక్కు నాకు లేదని మొదట అక్కడే అర్థమైంది.

కథలు రాసేవాళ్లని తప్పకుండా అడిగే ప్రశ్న, “మీకు ఐడియాలు ఎక్కణ్ణుంచి వస్తాయండీ?” దానికి అందరూ చెప్పే జవాబు, “జీవితంలోంచి.” నీళ్లెక్కణ్ణుంచి వస్తాయంటే ఆకాశంలోంచి అన్నట్టుంటుంది. నిజమే, కానీ మా అపార్ట్‌మెంట్‌కి మాత్రం ట్యాంకర్లోంచే వస్తాయి. ఏ సందులోంచి వచ్చి ఏ సంపులో పడుతున్నాయో చెప్తే ఎవరికైనా ఉపయోగం.

చెహోవ్ గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. కొరొలెంకో తన జ్ఞాపకాల్లో రాశాడు. కథలు ఎలా రాస్తాననుకుంటున్నారు అంటూ చెహోవ్ బల్ల మీద చేతికందిన వస్తువు, ఒక యాష్‌ట్రే, తీసి ముందు పెట్టి, కావాలంటే రేపటికల్లా దీని మీద కథ ఉంటుంది అన్నాడట. కథారచన వర్క్‌షాపుల్లో దీన్ని తెగ వాడతారు. బల్ల మీద ఒక పెన్నూ, ఒక గొడుగూ పెట్టి రాయమంటారు. నాకెందుకో దీంతో పేచీ ఉంది. చెహోవ్ చేతిలో యాష్‌ట్రే కథ కావడానికి కారణం యాష్‌ట్రే కాదు, అప్పటికే ఆయన బుర్ర నిండా ఉన్న మనుషులు. వైద్యుడిగా వందలమంది గోడు విన్నవాడాయన. ఆయనకి యాష్‌ట్రే చూపిస్తే దాని పక్కన ఒక మనిషి వచ్చి కూర్చుంటాడు. మనకి చూపిస్తే యాష్‌ట్రే వర్ణన వస్తుంది. వస్తువు ఒక్కటీ చాలదు, దాన్ని వదలడం ఇష్టంలేని మనిషి ఒకరు కావాలి. తాళం చెవి కథ కాదు, “ఇయ్యలే” కథ.

దీనికంటే నాకు హెన్రీ జేమ్స్ సంగతి నచ్చుతుంది. 1893 క్రిస్మస్‌కి కాస్త ముందు ఒక రాత్రి ఎవరింట్లోనో విందు. పక్కన కూర్చున్నావిడ మాటల మధ్యలో, తనకి తెలిసిన ఒక తల్లి, తండ్రి పోయాక ఇంట్లోని విలువైన సామాను గురించి ఒక్కగానొక్క కొడుకుతో గొడవపడుతోందని చెప్పింది. జేమ్స్‌కి ఆ ఒక్క ముక్కతో పని అయిపోయింది. ఆవిడేమో ఆపలేదు, తర్వాత ఏం జరిగిందో, ఎవరేం చేశారో చెప్పుకుంటూ పోయింది. ఈయనకి లోపల ఒకటే గోల, అయ్యో ఇక చాలమ్మా, పాడైపోతోంది అని. ఆ ముక్కే కొన్నేళ్లకి ‘ది స్పాయిల్స్ ఆఫ్ పాయింటన్’ అనే నవల అయింది. పుస్తకంగా వచ్చింది 1897లో. తర్వాత దాని ముందుమాటలో ఈ విందు సంగతి ఆయనే వివరంగా రాసుకున్నాడు.

తల్లీ, కొడుకూ, సామానూ. మన బస్సు కథ కూడా అదే కదా. లండన్ విందుబల్ల మీదా, పటాన్‌చెరు బస్సులోనూ ఒకే గింజ. మనకి పక్కనామె ఎర్రగడ్డలో దిగిపోవడం అదృష్టం. ఆమె అమీర్‌పేట దాకా వచ్చుంటే పెద్దావిడ మిగతాదంతా చెప్పేది. కొడుకు పేరు, ఇల్లు ఎన్ని గజాలు, కోడలిది ఏ ఊరు. అన్నీ తెలిసిపోయాక ఇంక రాయడానికేముంటుంది? సానుభూతి చూపించడమే ఉంటుంది.

సగం వినడంలోని ఈ సుఖం ఇదివరకటి రచయితలకి ఇంతగా లేదు. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’లో (1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిన కథ) రైలు పెట్టెలో ఎదురెదురు కూర్చున్న అపరిచితులుంటారు. అడుక్కునే అమ్మాయి ఎక్కుతుంది, మాటలు నడుస్తాయి. అక్కడ వినేవాడికి అందరి గొంతులూ వినిపిస్తాయి. ఇప్పుడు మెట్రోలో ఎదురెదురు కూర్చున్నవాళ్లు మాట్లాడుకోరు. అందరి చెవుల్లో ఏవో ఉంటాయి. “జనం మాట్లాడుకోవడమే మానేశారు, ఇంక కథలెక్కడ” అని ఒక సీనియర్ రచయిత ఒక సభలో వాపోతుంటే విన్నాను. ఆయన మెట్రో ఎక్కినట్టు లేరు. మాటలు మానలేదు, సగం మాయమయ్యాయి అంతే. ఫోన్లో ఇటువైపు మాట మనకి వినపడుతుంది, అటువైపుది వినపడదు.

ఒకసారి మియాపూర్ వైపు నుంచి వస్తున్నాను. తలుపు దగ్గర ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ప్లాస్టిక్ ఫైలు. ఫోన్లో అంటున్నాడు. “ఆఁ… తిన్నా. ఆఁ. లేదు, రూమ్‌లోనే ఉన్నా. పడుకుని ఉన్నా.” ఇంతలో పైనుంచి తరవాతి స్టేషన్ పేరు చెప్పడం మొదలుపెట్టారు. వాడు చటుక్కున అరచేత్తో ఫోన్ మూసేశాడు. మన మెట్రోలో ఆ పేరు మూడు భాషల్లో చెప్తారు. తెలుగు అయ్యింది, వాడు చెయ్యి తీయబోయాడు, హిందీ మొదలైంది. మళ్లీ మూశాడు. తర్వాత ఇంగ్లిష్. మూడూ అయ్యేదాకా ఫోన్‌ని పిట్టని పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. అయ్యాక, “ఆఁ, చెప్పమ్మా. లేదు, ఫ్యాన్ చప్పుడు” అన్నాడు.

ఇంటర్వ్యూకి వెళ్తున్నవాడు అమ్మకి చెప్పకుండా ఎందుకు వెళ్తాడు? సాధారణంగా రివర్సులో కదా, రూమ్‌లో పడుకుని ఇంటర్వ్యూకి వెళ్లానని చెప్తారు. ఎన్నిసార్లు వెళ్లి, ఎన్నిసార్లు రాలేదని చెప్పాల్సొస్తే మనిషి ఇక వెళ్తున్నట్టే చెప్పడం మానేస్తాడు? అటువైపు గొంతు వినపడి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు.

ఇక ఫ్లెక్సీ షాపు సంగతి చెప్పాలి. మూడేళ్లుగా దాన్ని రాయలేక మోస్తున్నాను.

కూకట్‌పల్లిలో మా సందు చివర ఒక షాపుంది. జిరాక్స్, ప్రింటవుట్, పాస్‌పోర్ట్ ఫొటోలు, ఫ్లెక్సీలు, పెళ్లిపత్రికలు అన్నీ అక్కడే. అద్దె అగ్రిమెంట్ ప్రింట్ తీయించుకోవడానికి వెళ్లాను. నా ముందు ఒకతను, ముప్పై ఐదు దాటి ఉంటాయి, గడ్డం మాసి ఉంది. పెద్దకర్మకి ఫ్లెక్సీ కావాలి. ఈ ఫ్లెక్సీలకి ఒక ప్రపంచం ఉంటుంది, గమనించారో లేదో. కంప్యూటర్లో తయారుగా ఉంటాయి. నీలం ఆకాశం, రెండు మబ్బులు, అటో దీపం ఇటో దీపం, పైన మూల దేవుడు, కింద “అశ్రునివాళి”. అను ఫాంట్లలో పేరు మార్చడం, మధ్యలో ఫొటో అతికించడం, అంతే పని. ఆపరేటర్ కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. ఒక చేత్తో మౌస్, ఇంకో చేత్తో టీ కప్పు. చావుకీ, పుట్టినరోజుకీ, కార్పొరేటర్ గారి స్వాగతానికీ అవే వేళ్లు.

తండ్రికి విడిగా ఒక్క మంచి ఫొటో లేదట. ఆధార్‌లోది గుర్తుపట్టేట్టు లేదు. ఎవరిదో పెళ్లిలో తీసిన గ్రూపు ఫొటో ఫోన్లో ఉంది. పదిమందిలోంచి కుర్రాడు ఆయన్ని చకచకా కత్తిరించాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఆయన మిగిలాడు, ఎడమ భుజం మీద ఒక చెయ్యి మిగిలింది. మగ చెయ్యి, వాచీ ఉంది. మణికట్టు దాకా ఉండి అక్కడితో తెగిపోయింది.

“అన్నా, ఈ చెయ్యి తీసేస్తున్నా” అన్నాడు కుర్రాడు.

అతను స్క్రీన్ దగ్గరికి వంగాడు. చాలాసేపు చూశాడు. నా వెనక ఇంకో ఇద్దరు చేరారు.

“ఉండనీ” అన్నాడు.

“బాగోదన్నా. సగం చెయ్యి. దయ్యంలాగుంటది.”

“ఉండనీ తమ్మీ.”

కుర్రాడు మారు మాట్లాడలేదు. ఒక మబ్బుని పక్కకి లాగి, పెద్దది చేసి, మణికట్టు తెగిన చోటుని దాంట్లో కలిపేశాడు. ఇప్పుడు ఆ చెయ్యి మబ్బులోంచి వచ్చి ఆయన భుజం మీద పడినట్టుంది, వాచీతో సహా. అతను తలూపాడు. సైజు చెప్పాడు, అడ్వాన్సు ఇచ్చాడు, వెళ్లిపోయాడు. కుర్రాడు నా వైపు తిరిగి “పెన్‌డ్రైవా, వాట్సాపా?” అన్నాడు.

దాన్ని నాలుగుసార్లు రాశాను. ఒకసారి ఆ చెయ్యి తమ్ముడిది, పదేళ్లుగా మాటల్లేవు. ఇంకోసారి తండ్రికంటే ముందు పోయిన పెద్దకొడుకుది, అంటే వచ్చినతని అన్నది. ఇంకోసారి ఆ చెయ్యి వచ్చినతనిదే, తన చెయ్యే తను ఉంచుకున్నాడు. నాలుగోది చెప్పను, మరీ సినిమాలా ఉంది. ఎవరి చెయ్యి అని తేలగానే ఆ షాపులో నేను చూసింది చిన్నదైపోతోంది. తేల్చకుండా వదిలేస్తేనేమో చదివేవాడికి ఒక వింత సంఘటన చెప్పినట్టవుతోంది, కథ అవట్లేదు. ఇలాంటివి కొన్ని ఉంటాయి. అంత పూర్తిగా జరిగిపోయాక మనకి చెయ్యడానికేం మిగలదు. మన పని మబ్బు లాగడమే కదా, ఆ కుర్రాడు ముందే లాగేశాడు.

నోట్సు గురించి ఒక మాట. నా ఫోన్లో ఇలాంటి ముక్కలు ఆరేడు వందలుంటాయి. వాటిల్లో మూడొంతులు చెత్త. “మెట్రో – పసుపు చీర – కళ్లు” అని ఒకటుంది. ఎవరి కళ్లు, ఏమైంది వాటికి, దేవుడికే తెలియాలి. నాకేమనిపించిందో రాసుకున్నవన్నీ ఇలాగే చల్లారిపోయాయి. అవతలివాళ్లు ఏమన్నారో అక్షరం మార్చకుండా రాసుకున్నవి మాత్రం ఏళ్ల తర్వాత తెరిచినా వేడిగానే ఉంటాయి.

మన పాతవాళ్లలో కొందరికి వినే కుర్చీ ఉద్యోగంతోపాటే వచ్చింది. రావిశాస్త్రి విశాఖపట్నంలో వకీలు. ‘ఆరు సారా కథలు’లో సారా కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు, పోలీసులు, ప్లీడర్లు, సాక్షులు మాట్లాడే తీరు చూస్తే, కోర్టు వరండాలో కూర్చోకుండా ఎవరూ ఊహించి రాయలేరనిపిస్తుంది. నామిని ఏకంగా తన పుస్తకానికి ‘మా అమ్మ చెప్పిన కతలు’ అనే పేరు పెట్టాడు, దాపరికమే లేదు. మనలో చాలామంది రోజంతా స్క్రీన్ ముందు ఉండేవాళ్లం. మన కుర్చీ దగ్గరికి కక్షిదారులు రారు, టికెట్లొస్తాయి, మూసేస్తే పోతాయి. అందుకే నాకు బస్సు కావాలి. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో ఆడవాళ్లకి బస్సు ప్రయాణం ఉచితమయ్యాక, ఆ జీరో టికెట్ చేతిలో పట్టుకుని, పని లేకపోయినా కూతుర్ని చూడ్డానికీ, చెల్లెల్ని చూడ్డానికీ బయల్దేరే పెద్దవాళ్లు కనపడుతున్నారు. దాని లెక్కలూ రాజకీయాలూ ఎవరివి వాళ్లకున్నాయి. నాకు తెలిసింది ఒకటే, ఇంట్లో చెప్పుకోలేనివి బస్సులో చెప్తారు.

ఈ మాట మా పిన్ని నమ్మదు.

బీరువా ఆవిణ్ణి పెట్టి చివరికి కథ రాశాను. ఒక పత్రికలో వచ్చింది. కథలో ఆవిడది పటాన్‌చెరు, ఆవిడ మాట తెలంగాణ మాట, కొడుకు బీహెచ్ఈఎల్‌లో కాంట్రాక్టు పని చేస్తాడు. మా పిన్ని రేపల్లె దాటి ఎరగదు. ఆమెకి ఇద్దరూ కూతుళ్లే. కథ వచ్చిన వారానికి ఫోన్ చేసింది. బాగున్నావా లేదు, ఏం లేదు.

“బీరువా సంగతి నీకు మీ అమ్మ చెప్పిందా?”

“ఏ బీరువా పిన్నీ?”

“నాటకాలాడకురా. అక్క తప్ప ఎవరికీ తెలవదు.”

పిన్ని చిన్నకూతురి దగ్గర ఉంటోంది, ఇల్లు వాళ్ల పేరనే పెట్టింది. అంతవరకే నాకు తెలుసు. బీరువా ఒకటుందని, దాని తాళం ఆవిడ దగ్గరే ఉందని ఆ ఫోన్‌కాల్‌తోనే తెలిసింది. బస్సు సంగతి చెప్పాను. మూసాపేట, ఎర్రగడ్డ అన్నీ చెప్పాను. నోట్సు స్క్రీన్‌షాట్ పంపాను, తేదీతో సహా. “బస్సుల్లో చెప్పుకుంటారా ఎవరైనా ఇట్టాంటివి?” అంది. తర్వాత రెండు నెలలు అక్కాచెల్లెళ్లకి మాటల్లేవు. అమ్మ ఎన్ని ఒట్లు పెట్టుకున్నా వినలేదు. చివరికి మా తమ్ముడి కొడుకు అన్నప్రాసనకి వచ్చి, పులిహోర బాగా కుదిరిందని అమ్మతో అంది. అంతటితో సర్దుకుంది. బీరువా మాట ఎవరూ ఎత్తలేదు. పిన్ని మెళ్లో నల్లతాడుకి తాళం చెవి ఉందేమోనని నేను చూశానా లేదా అంటే, చూశాను. కనపడలేదు. కొంగు ముడిలో ఉండొచ్చు.

తెలియనివాళ్ల మాట తీసుకుంటే ఇంట్లోవాళ్లకి గుచ్చుకుంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లోవాళ్ల సంగతులు రాయొచ్చా రాయకూడదా అని మన సభల్లో చర్చలు జరుగుతుంటాయి. పేర్లు మార్చండి, ఊళ్లు మార్చండి అంటారు. ఇక్కడ మార్చడానికి కూడా ఏమీ లేదు, అసలు వాళ్ల సంగతే కాదాయె. దీనికి నా దగ్గర జవాబు లేదు. పిన్ని కథ మొత్తం చదివిందని, రెండుసార్లు చదివిందని మా చెల్లెలు, అంటే పిన్ని చిన్నకూతురు, తర్వాత చెప్పింది. అదేమిటో బీరువా గురించి మాత్రం ఆ పిల్ల ఏమీ అడగలేదు. కథ తనూ చదివింది మరి.

ఆ తర్వాత అమ్మకి ఒక అలవాటు పట్టుకుంది. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఏదైనా చెప్పేముందు, “ఇది రాయకు గానీ…” అని మొదలుపెడుతుంది. ఎదురింటివాళ్ల పాలవాడి గొడవైనా సరే, మోకాలి నొప్పైనా సరే. ఆ మూడు మాటలతో ఒక ముద్ర వేసి, తర్వాత తీరిగ్గా అరగంట చెప్తుంది. అంత వివరంగా ఇదివరకు ఎప్పుడూ చెప్పేది కాదు. ఎవరు ఏ చీర కట్టుకున్నారో, ఏ మాట దగ్గర ఎవరు లేచి వెళ్లిపోయారో అన్నీ. నేను రాయట్లేదు. మాటంటే మాటే.

పోయిన నెల ఒకరోజు ముద్ర వెయ్యడం మర్చిపోయింది. కూరగాయల ధరలు చెప్తూ చెప్తూ, “మొన్న మీ నాన్న చొక్కాలు ఉతికి ఇస్త్రీకిచ్చా” అంది. నాన్న పోయి నాలుగేళ్లు. ఎందుకని అడిగాను. “మడతల దగ్గర పసుపుపచ్చగా పట్టాయిరా. అట్టా వదిలేస్తే పాడైపోవూ?” అంది. ఇస్త్రీబండి అతను వాటిని తీసుకుని, సార్ ఊరినుంచి వచ్చారా అని అడిగాడట. అతను కొత్తగా వచ్చినవాడు, తెలీదు. అమ్మ ఏమందో చెప్పలేదు, నేనూ అడగలేదు. బెండకాయలు కిలో ఎంతో చెప్పింది.

ఫోన్ పెట్టేసేముందు అడిగాను. “అమ్మా, ఇందాకటిది రాయనా?”

కాసేపు ఏమీ వినపడలేదు. కుక్కర్ విజిల్ వచ్చింది, స్టవ్ తగ్గించినట్టుంది.

“రాసుకో” అంది. “ఎన్ని చొక్కాలో మాత్రం రాయకు.”